ముసలి కుక్క మెదడులో కాపలావాడు

కుక్క బుద్ధి గురించి మన దగ్గర మాటలు చాలా తక్కువ. మనిషి ముసలితనంలో తడబడితే చాదస్తం అంటాం, మతిమరుపు అంటాం, "పెద్దమనిషి కదా, పోనీ" అని సర్దుకుంటాం. కుక్క తడబడితే ఒకటే మాట: పిచ్చి పట్టింది. ఆ మాట ఎవరి నోటినుంచైనా పడిందంటే తర్వాత వచ్చేది కర్రే.

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి విషయం తెలుసు. విననివాళ్ల కోసం, టైం చాలక అందులో నేను వదిలేసిన సంగతుల కోసం ఇది రాస్తున్నా. బాగా వయసు మళ్లిన కుక్కల్లో కొన్నింటికి, మనుషులకి వచ్చే డిమెన్షియా లాంటిదే వస్తుంది. పశువైద్యులు దాన్ని కెనైన్ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్ అంటారు. కుక్క పుట్టి పెరిగిన ఇంట్లోనే ఒక మూలలోకి వెళ్లి, వెనక్కి ఎలా రావాలో తెలీక అలాగే నిలబడిపోతుంది. తలుపు తెరుచుకునే వైపు వదిలేసి బందుల వైపు నిలబడి ఎదురుచూస్తుంది. పగలంతా నిద్ర, రాత్రంతా తిరుగుడు. రోజూ అన్నం పెట్టే మనిషిని కొత్తగా చూస్తుంది. ఎప్పుడూ లేనిది ఇంట్లోనే తడుపుతుంది.

ఇలాంటి కుక్క మెదడులో ఏం జరుగుతోందని వెతికినవాళ్లకి నరాల కణాలతో పాటు ఇంకో కణం కనబడింది. దాని పేరు మైక్రోగ్లియా. మెదడుకి సొంతంగా ఉన్న రక్షణ కణం. ఇక్కడ హుఫూఫ్ సైట్లలో వాచ్‌మన్‌ని హారిస్ అంటారు. గల్ఫ్‌లో పనిచేసే మనోళ్లకి వెంటనే అర్థం కావాలంటే, ఇది మెదడులో ఉండే హారిస్. ఈ హారిస్‌ని మనిషి కనిపెట్టిన కథ చాలా పొడుగు. అది మొదలయ్యేది ముసలి కుక్కతో కాదు, నిజంగా పిచ్చెక్కిన కుక్కతోనే.

1885లో పారిస్‌లో పాశ్చర్ రేబిస్ టీకా మొదటిసారి మనిషికి వేశాక, యూరప్ అంతా ఆ జబ్బు మీద పడింది. రొమేనియాలో బుకారెస్ట్‌లో విక్టర్ బాబేష్ అనే డాక్టరు, రేబిస్‌తో పోయిన జీవాల మెదళ్లని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద చూశాడు. నరాల కణాల చుట్టూ చిన్న చిన్న కణాలు గుంపులు కట్టి ఉన్నాయి. 1892లో ఆ గుంపుల గురించి రాశాడు. ఇప్పటికీ వాటిని బాబేష్ నాడ్యూల్స్ అనే అంటారు. అవి ఏ కణాలో అప్పుడు తెలీదు. తర్వాత తెలిసింది: వాటిలో ఎక్కువ భాగం మైక్రోగ్లియానే. వైరస్ పడ్డ చోటికి కాపలావాళ్లు పరుగెత్తుకొచ్చి మూగిన గుర్తు అది. అంటే ఆ కణానికి పేరు పెట్టడానికి 27 ఏళ్ల ముందే, పిచ్చికుక్క కథలో అది మనిషి కంటికి కనబడింది. గుర్తుపట్టినవాళ్లు లేరు, అంతే.

ఇంతలో జర్మనీలో ఇద్దరు స్నేహితులు. ఫ్రాంజ్ నిస్ల్, అలోయిస్ అల్జీమర్. ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రిలో పగలు రోగుల్ని చూసి, రాత్రి మైక్రోస్కోప్ దగ్గర కూర్చునేవాళ్లు. నిస్ల్ 1899లో జబ్బు మెదళ్లలో కడ్డీల్లా సాగిన కణాల్ని వర్ణించాడు. అవీ ఇవే. అల్జీమర్ 1906 నవంబర్‌లో ట్యూబింగెన్‌లో డాక్టర్ల సభలో ఔగుస్టె డెటర్ అనే ఆవిడ కేసు చెప్పాడు. యాభై దాటగానే మతి పోయిన మనిషి. ఆమె మెదడులో కణాల బయట ముద్దలు, కణాల లోపల చిక్కుపడ్డ దారాలు. సభలో ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదంటారు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకి అల్జీమర్ పేరు పెట్టాడు. అప్పట్నుంచి అందరి చూపూ ఆ ముద్దల మీదే, ఆ దారాల మీదే. పక్కనున్న కాపలావాణ్ణి ఎవరూ అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, సరిగ్గా కనబడలేదు కాబట్టి. ఇది మా పనిలో వాళ్లకి చెప్పడం తేలిక. వెల్డింగ్ జాయింట్‌లో వెంట్రుకంత పగులుంటే కంటికి ఆనదు. డై పెనెట్రెంట్ టెస్ట్ చేస్తాం. శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు కొడతాం, కాసేపాగి పైరంగు తుడిచేసి తెల్ల డెవలపర్ కొడతాం. అప్పుడు పగులు ఎర్ర గీతలా తేలుతుంది. పగులు ముందునుంచీ ఉంది, రంగు పట్టాకే ఉన్నట్టు లెక్క. మెదడు ముక్క కూడా అంతే. రంగు పట్టించకపోతే నీళ్లమజ్జిగ లాగా ఉంటుంది. ఏ రంగు ఏ కణానికి పడుతుందో కనిపెట్టడమే ఆ కాలంలో సగం సైన్సు.

ఆ విద్యలో మహారాజు స్పెయిన్‌లోని రామోన్ ఇ కహాల్. 1906లో గొల్జీతో కలిసి నోబెల్ తీసుకున్నాడు. ఆయన 1913లో ఒక మాట అన్నాడు: మెదడులో నరాల కణాలు ఒకటి, వాటిని ఆనుకుని ఉండే నక్షత్రాల్లాంటి ఆస్ట్రోసైట్లు రెండు, ఇవి రెండూ కాని "మూడో పదార్థం" ఇంకోటుంది. ఆయన రంగులో ఆ మూడోది కొమ్మలు లేకుండా, ఉత్త గుండ్రంగా కనబడింది. ఎందుకంటే ఆయన రంగు దాని కొమ్మలకి పట్టలేదు.

పట్టించినవాడు ఆయన దగ్గర పనిచేసే పీయో దెల్ రీయో-ఓర్తేగా. వల్యదోలిద్ దగ్గర పోర్తీయో అనే ఊళ్లో 1882లో పుట్టాడు. వెండి కార్బనేట్‌తో కొత్త పద్ధతి తయారుచేసి చూస్తే, కహాల్ గుండ్రం అనుకున్నవాటికి సన్నసన్నని కొమ్మలున్నాయి. పైగా ఆ "మూడో పదార్థం" ఒకటి కాదు, రెండు రకాలు. 1919లో వరసగా రాసిన వ్యాసాల్లో వాటిలో ఒకదానికి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. దాని గురించి ఆయన అప్పుడు చెప్పిన మాటలు ఈరోజు చదివినా ఆశ్చర్యమేస్తుంది. ఈ కణాలు మెదడులో పుట్టినవి కావు, పిండ దశలో బయటినుంచి వచ్చి స్థిరపడ్డవి అన్నాడు. మెదడంతా పరుచుకుని ఒక్కోటి ఒక్కో జాగా చూసుకుంటాయన్నాడు. దెబ్బ తగిలితే కొమ్మలు ముడుచుకుని, ఉబ్బి, కదిలి, చచ్చిన కణాల్ని తినేస్తాయన్నాడు. బయటినుంచి వచ్చాయన్న మాట మీద చాలా దశాబ్దాలు వాదులాడుకున్నారు. 2010లో ఎలుకల మీద పని చేసి తేల్చారు: పిండానికి ఇంకా సరిగ్గా రూపం రాకముందే పచ్చసొన సంచిలో పుట్టిన కణాలు మెదడుకి వలస వెళ్లి మైక్రోగ్లియా అవుతాయి. ఆయన చెప్పిన తొంభై ఏళ్లకి.

ఆయనకి దక్కిందేమిటయ్యా అంటే, 1920లో కహాల్ ల్యాబ్ నుంచి గెంటేశారు. గురువు మాటని దిద్దిన శిష్యుడికి అక్కడ నిలవలేని పరిస్థితి వచ్చింది. ఇంకో చోట చిన్న ల్యాబ్ పెట్టుకున్నాడు. 1924లో, తర్వాత పెద్ద బ్రెయిన్ సర్జన్‌గా పేరు తెచ్చుకున్న వైల్డర్ పెన్‌ఫీల్డ్ సముద్రం దాటి వచ్చి ఆ వెండి పద్ధతి ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. మాడ్రిడ్ వదిలి పారిస్, పారిస్ నుంచి ఆక్స్‌ఫర్డ్, అక్కడినుంచి బ్యూనస్ ఐరిస్. 1945లో పరాయి దేశంలోనే పోయాడు. అస్థికలు సొంత గడ్డకి చేరింది 1986లో. ఇక్కడ్నుంచి పెట్టెల్లో ఇంటికెళ్లినవాళ్లని చూసిన మాకు ఆ 41 ఏళ్లు అనే అంకె కాస్త గట్టిగా తగులుతుంది. సరే, కుక్కల దగ్గరికి వద్దాం.

ముసలి కుక్క మెదడు సంగతి ఇంత ఆలస్యంగా బయటపడటానికి నాకు తోచే కారణం ఒకటుంది. కుక్కలకి ముసలితనమే దక్కేది కాదు. డిస్టెంపర్, పార్వో, పేలు, లారీ చక్రాలు, కుక్కలబండి, విషం పెట్టిన మాంసం. మన దేశంలో వీధికుక్కల్ని పట్టి ఆపరేషన్ చేసి, టీకా వేసి, వదిలెయ్యాలని కేంద్రం నియమాలు తెచ్చింది 2001లో. అంతకుముందు చాలా ఊళ్లలో మున్సిపాలిటీకి తెలిసిన మార్గం చంపడమే. పద్నాలుగేళ్లు బతికిన కుక్క మన వీధుల్లో ఎన్ని కనబడేవి? ఇక్కడ అరబ్బుల్లోనూ కుక్కకి రెండు కులాలు. వేట కుక్క సలూకీకి గుడారంలో చోటు, మిగతావి బయటే. తొమ్మిదో శతాబ్దంలో బస్రాలో అల్ జాహిజ్ అనే పండితుడు జంతువుల గురించి పెద్ద గ్రంథం రాస్తూ, కుక్క గొప్పదా కోడి గొప్పదా అని రెండు పక్షాల వాదం పేజీలకి పేజీలు నడిపించాడు. కోడిపందాల మనుషులం, మనకి నచ్చే వాదమే.

మా ఇంట్లో రాజు అని ఒక కుక్క ఉంది. జగిత్యాల దగ్గర మా ఊళ్లో, మా అమ్మతో ఉంటుంది. నేను మొదటిసారి సౌదీ ఫ్లైటెక్కిన ఏడాది మా నాయిన తెచ్చాడు. ఇప్పుడు నాయిన లేడు, ఇంట్లో వాళ్లిద్దరే. పోయిన ఎండాకాలం అమ్మ వీడియో కాల్‌లో, "కొడుకా, గీ కుక్క రాత్రంత గోడలెంబడి తిరుగుతుందిరా. నిన్న నన్ను జూసి మొరిగింది" అంది. రెండో రోజుకి పక్కింటాయన వచ్చి, పిచ్చి లేసినట్టుంది, పిల్లలున్న వాడ, ఏదో ఒకటి చెయ్యాలె అన్నాడట. ఆయన భయం తప్పని నేననను. రేబిస్ అంటే భయపడాల్సిందే. కానీ రాజుకి ఏటేటా టీకా పడుతుంది, కార్డు ఉంది. మండలంలో పశువుల డాక్టర్ వచ్చి కళ్లు చూశాడు, చెవులు చూశాడు, నడుము నొక్కి చూశాడు. ఒక కంట్లో శుక్లం ఉంది, మిగతాది ముసలితనం, మతి తప్పుతుంది అన్నాడు. ఆ "మతి తప్పుతుంది" అన్న ఒక్క మాటతో వాడకట్టు చల్లబడింది. ఈ ఎపిసోడ్‌కి నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఆ మాట వెనక సైన్సు మొదలైంది 1970లో. అమెరికాలో విష్నెవ్‌స్కీ, టెరీ, వాళ్ల తోటివాళ్లు ముసలి కుక్కల మెదళ్లలో కూడా మనుషుల్లో ఉన్నట్టే అమిలాయిడ్ ముద్దలున్నాయని చూపించారు. తర్వాత ఇంకో సంగతి తేలింది: ఆ ముద్దల్ని కట్టే బీటా అమిలాయిడ్ ప్రొటీన్ అక్షరం తేడా లేకుండా కుక్కలోనూ మనిషిలోనూ ఒకటే. ల్యాబ్ ఎలుకకి అల్జీమర్ తెప్పించాలంటే మనిషి జన్యువు దూర్చాలి. కుక్కకి ఆ ముద్దలు తనంతట తానే, మన ఇంట్లో, మనం తినేదే తింటూ వస్తాయి. 1990ల్లో కాలిఫోర్నియాలో కాట్‌మన్, కమింగ్స్ వాళ్ల బృందం, టొరంటోలో మిల్‌గ్రామ్ బృందం ముసలి బీగిల్ కుక్కల జ్ఞాపకశక్తిని పరీక్షించడం మొదలుపెట్టారు. 2001లో కాలిఫోర్నియా డేవిస్ పశువైద్యులు ఇళ్లలో పెరిగే కుక్కల యజమానుల్ని అడిగి లెక్క తీశారు. 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి కనీసం ఒక లక్షణం ఉంది. 15, 16 ఏళ్లకి అది 68 శాతం.

మరి ఆ ముద్దలు తీసేస్తే మతి తిరిగొస్తుందా? 2008లో ఎలిజబెత్ హెడ్ బృందం ఇదే చూసింది. ముసలి బీగిళ్లకి రెండేళ్లకి పైగా అమిలాయిడ్ మీద టీకా వేశారు. ముద్దలు బాగానే తగ్గాయి. తెలివి మాత్రం ఆశించినంత తిరిగి రాలేదు, చాలావరకు ఉన్నచోటే ఉండిపోయింది. సైట్లో స్క్రాప్ అంతా ఎత్తేసినా పాడైన వైరింగ్ దానంతటది బాగుపడదు కదా. చరిత్రలో ఈ మలుపు నాకు ముఖ్యం అనిపిస్తుంది. ఒక్క ముద్దల్ని చూస్తే సరిపోదని కుక్కలు ముందే చెప్పాయి.

అప్పుడు చూపు కాపలావాడి మీద పడింది. 2005లో బతికున్న ఎలుక మెదడుని పుర్రె పైనుంచే లేజర్ మైక్రోస్కోప్‌తో చూస్తే, "విశ్రాంతిలో ఉంది" అని పుస్తకాల్లో రాసుకున్న మైక్రోగ్లియా అసలు విశ్రాంతే తీసుకోవట్లేదు. ఒళ్లు కదలదు గానీ కొమ్మలు క్షణం ఆగకుండా చుట్టుపక్కలంతా తడుముతూ ఉంటాయి. అంతకు ముందు ఏడాదే ఫ్లోరిడాలో స్ట్రైట్ బృందం ముసలి మనుషుల మెదళ్లలో వేరే రకం మైక్రోగ్లియాని చూపించింది. కొమ్మలు పొట్టివై, మెలికలు తిరిగి, తునకలైన కణాలు. వయసైపోయిన కాపలావాళ్లు. 2013లో ట్రెమ్2 అనే జన్యువులో ఒక మార్పున్న మనుషులకి అల్జీమర్ ముప్పు బాగా ఎక్కువని రెండు బృందాలు ఒకేసారి చెప్పాయి. ఆ జన్యువు మెదడులో ముఖ్యంగా పనిచేసేది మైక్రోగ్లియాలోనే. అక్కడితో, జబ్బు వచ్చాక చుట్టూ మూగే ప్రేక్షకులు కాదు, జబ్బులో వీళ్లకీ పాత్ర ఉంది అని ఒప్పుకోక తప్పలేదు. 2016లో ఎలుకల్లో ఇంకోటి బయటపడింది: ముద్దలు కట్టకముందే మైక్రోగ్లియా నరాల మధ్య అతుకుల్ని తినేస్తోంది. చిన్నతనంలో అనవసరమైన అతుకుల్ని కత్తిరించడం దాని డ్యూటీయే. ముసలితనంలో అదే కత్తెర మళ్లీ బయటికి తీస్తోంది.

కుక్కల్లో? 2016లోనే టోక్యో విశ్వవిద్యాలయం పశువైద్య పాథాలజీ వాళ్లు, మతి తప్పిన కుక్కల మెదళ్లని, మతి సరిగ్గా ఉండి పోయిన కుక్కల మెదళ్లని పక్కపక్కన పెట్టి లెక్కించారు. అమిలాయిడ్ ముద్దలు వయసుతో పెరిగాయి, నిజమే. కానీ వయసుని పక్కనపెట్టి చూస్తే ముద్దలకీ మతి తప్పడానికీ గట్టి సంబంధం కనబడలేదు. సంబంధం కనబడ్డవాటిలో ఒకటి మైక్రోగ్లియా సంఖ్య. మతి తప్పిన కుక్కల్లో కాపలావాళ్లు ఎక్కువమంది పోగయ్యారు. ఎక్కువమంది ఉండటం వల్ల పాడైందా, పాడైంది కాబట్టి ఎక్కువమంది వచ్చారా అన్నది చచ్చిన మెదడుని చూసి తేలేది కాదు. బాబేష్ 1892లో చూసిన గుంపుల లాగే ఇదీ ఒక గుంపు. ఒకటి వైరస్ మీదికొస్తే కొన్ని రోజుల్లో మూగింది, ఇంకోటి ఏళ్ల తరబడి మెల్లగా చేరింది. పిచ్చికీ ముసలితనానికీ మధ్య తేడా ఆ కణం దగ్గర అంత.

ఇందులో మన తెలుగాయన నీడ కూడా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్దగా ఉండగా, ఆయన కింద బెంజమిన్ డగ్గర్ మట్టిలోంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. అది లోకానికి తెలిసింది 1948లో, సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడాదే. తర్వాత అదే లెడర్లీలో ఆ కుటుంబంలో మినోసైక్లిన్ పుట్టింది. 1990ల చివరినుంచి ల్యాబ్ జంతువుల్లో అది మైక్రోగ్లియా ఆవేశాన్ని తగ్గిస్తుందని వరసగా తేలడంతో, అల్జీమర్‌కి మందు దొరికిందనుకున్నారు. బ్రిటన్‌లో 544 మంది రోగులకి రెండేళ్లు ఇచ్చి చూసి, 2019 చివర్లో ఫలితం చెప్పారు: జబ్బు నెమ్మదించలేదు. కాపలావాడి నోరు మూయిస్తే ఇల్లు బాగుపడుతుందన్న లెక్క అంత తేలిగ్గా కుదరలేదు. ఇదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ని మన పశువుల డాక్టర్లు పేల జ్వరానికి కుక్కలకి రాస్తుంటారు. ఇంట్లో మిగిలిన మాత్రలుంటే మతి కోసం వెయ్యకండి, అందుకే ఈ కథ చెప్పా.

కుక్కల మతిమరుపుకి అమెరికాలో 1998లో సెలెజిలిన్‌కి అనుమతి వచ్చింది. అది కొన్నింటికి కొంత ఊరట, నయం చేసే మందు కాదు. నాకు ఎక్కువ ఆశ కలిగించింది మిల్‌గ్రామ్ వాళ్ల బీగిళ్లు. 2005లో వాళ్లు చెప్పిందేమిటంటే, మంచి తిండి, తోడు ఇంకో కుక్క, నడక, ఆట, కొత్త పనులు, ఇవన్నీ కలిపి రెండేళ్లు ఇచ్చిన ముసలి కుక్కలు నేర్చుకోవడంలో మిగతావాటికంటే బాగా నిలబడ్డాయి. 2022లో అమెరికా డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ 15,019 ఇంటి కుక్కల లెక్క ప్రచురించింది. అన్నీ సమానంగా ఉన్న కుక్కల్లో, కదలకుండా పడుండేవాటికి మతి తప్పే అవకాశం, బాగా చురుగ్గా ఉండేవాటికంటే ఆరున్నర రెట్లు. అయితే కదలక మతి తప్పిందో, మతి తప్పాక కదలడం మానేసిందో ఆ లెక్కకి తెలీదు.

ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగింది పిచ్చికీ దీనికీ తేడా ఎలా అని. రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క మామూలుగా పది రోజుల్లోపే చచ్చిపోతుంది. చొంగ, గొంతు మారడం, దవడ వేలాడటం, కాళ్లు పడిపోవడం రోజురోజుకీ ముదురుతాయి. ముసలి మతిమరుపు నెలలు, ఏళ్లు సాగుతుంది. కానీ తేల్చాల్సింది మీరు కాదు, డాక్టరు. చూపు తగ్గినా, చెవుడొచ్చినా, కీళ్ల నొప్పున్నా, మెదడులో గడ్డున్నా ఇలాగే తిరుగుతుంది. ఏ కుక్క కరిచినా, ముసలిదైనా మీదైనా సరే, గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, టీకాకి వెళ్లండి. అందులో వాదనే లేదు.

రాజుకి డాక్టర్ చెప్పినవి చిన్నవే. రాత్రి వసారాలో ఒక లైటు. మంచం, నీళ్ల గిన్నె జాగా మార్చొద్దు. పొద్దున సాయంత్రం నడక. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అయినా దాన్ని పట్టుకుని చెరువు కట్ట దాకా పోయొస్తోంది. మధ్యలో అది ఆగి ఎటో చూస్తుందట. "యాదికొచ్చేదాక నిలబడ్త" అంది.